మీటపై మాట

తెరమీది మీటలకు మాటలు సమకూర్చుట వృత్తిగా గల నావంటివారికి, ఏ మాట ఏ తరమువారి నోట పుట్టినది, ఎన్నాళ్లు నిలుచును, దాని నెరుగనివారు చదివి ఏమి చేయుదురు అను ప్రశ్నలు అనుదినమును ఎదురగుచుండును.

ఈ విషయమున ట్విటర్ చరిత్ర మిక్కిలి విచారింపదగినది. సందేశము 140 అక్షరములకు మించరాదను నిర్బంధముండగా, ఒకరి పలుకును తమవారికి వినిపింపగోరినవారు దానిని స్వయముగా ప్రతి చేసి, ముందు 'ఆర్‌టీ' అను రెండక్షరములను, ఆపై మూలకర్త పేరును చేర్చుచుండిరి. ఈ యాచారమును వాడువారే తమలో తాము కల్పించుకొనిరి. 2007 ఆగస్టున క్రిస్ మెస్సినా అను వాడుకరి సూచించిన హ్యాష్‌ట్యాగ్ సైతము అట్లే క్రిందినుండి పైకి ప్రాకినది. 2009 నవంబరున సంస్థ రీట్వీట్ మీటను నెలకొల్పునాటికే ఆ మాట జనుల నోట నలిగి నునుపుదేరియున్నది. 2023 జూలైలో ట్విటర్ ఎక్స్‌గా మారి, రీట్వీటునకు రీపోస్టని పేరిడినను, పలువురు నేటికిని పాతమాటనే పలుకుచున్నారు.

సంస్థలే యువజనుల పలుకుబడిని అరువుదెచ్చి పైనుండి దింపినప్పుడు కథ వేరు. ఒకనాడు కుర్రకారుకు 'కేక' యైనది నేడు 'తోపు' అయినది. మీటమీది మాట మాత్రము, ఎవరో మార్చువరకు, అచ్చటనే యుండును.

ఇటీవల మా పెద్దమ్మ విద్యుత్తు బిల్లు చెల్లించుచుండగా ఒక యాప్‌లో "అరె మామా, సీన్ రివర్స్! మళ్లీ ట్రై చెయ్" అని వచ్చినది. ఆమె ఫోను నా చేతికిచ్చి, "డబ్బు పోయినట్టా, ఉన్నట్టా నాయనా?" అని యడిగెను. ఆ వాక్యమున దానికి ఉత్తరము లేదు. "చెల్లింపు జరుగలేదు, మీ ఖాతాలో సొమ్ము తగ్గలేదు" అని యున్నచో, అది నిజమైన పక్షమున, ఆమె నిశ్చింతగా మరల ప్రయత్నించియుండును.

పాటలు పంచుకొను తెరమీద 'మామా' యనుటకు నాకు అభ్యంతరము లేదు. అచ్చట ఆ చనువు ముచ్చటగొలుపును. ఊరంతయు 'లాగవుట్' అనుచుండగా 'నిష్క్రమించు' అని వ్రాయు మా పండితమ్మన్యతయు ఆ 'సీన్ రివర్స్' వంటి దోషమే. రెండును చదువరిని మరచినవే.

సొమ్ము, ఔషధము, తిరిగిరాని చెరిపివేత, ఈ మూటికి సంబంధించిన ప్రతి వాక్యమును విడుదలకు ముందు ఇరువదేండ్లవారిచేతను డెబ్బదేండ్లవారిచేతను చదివించి, తరువాత ఏ మీట నొక్కుదురో చూచుచున్నాను. ఇరువురి వ్రేళ్లును ఒకే మీటపై పడనిచో, ఆ వాక్యమును మరల వ్రాయుచున్నాను.