రౌడీ కథల యాకర్షణము

ఒక యాదివారము సాయంకాలము లింగంపల్లిలో మా మిత్రుని యింటికి పోయితిమి. అచట తండ్రీకొడుకులకు వాదము జరుగుచుండెను. కుమారుడు పాఠములు కట్టిపెట్టి 1931 నాటి అమెరికా చిత్రము 'ది పబ్లిక్ ఎనిమీ'ని చూచుచుండెనట. "దొంగల బ్రతుకులో నేర్చుకొనదగిన దేమున్నది?" అని తండ్రి. "కడపట వాడు చచ్చును గదా, నాన్నగారూ!" అని కుమారుడు.

చచ్చుట నిజమే. మద్యనిషేధకాలమున దొంగసారాతో ధనవంతుడైన టామ్ పవర్సు, కట్లతో బిగింపబడిన శవమై తల్లి గడపలో వ్రాలును. కొడుకు వచ్చుచున్నాడని ఆ తల్లి మేడమీద పక్క సవరించుచుండును. అయినను ప్రేక్షకుడు ఇంటికి కొనిపోవునది ఈ చావును గాదు. జేమ్సు కాగ్నీ నడకను, వాని తొందరమాటను. పనులు పోయి లక్షలాది జనులు వీధుల నిలిచిన యా దినములలో, ఎవరిని యాచింపక పైకెగబ్రాకినవాడు వారికి వీరుడుగా తోచుటలో వింత లేదు. చిత్రములకు మాట వచ్చియు అప్పటికి నాలుగేండ్లే. ఒకచోట టామ్ వానలో శత్రువుల నెలవు జొచ్చును. కెమెరా వీధిలోనే యాగిపోవును. తుపాకి మ్రోతలు, కేకలు మాత్రమే మనకు వినవచ్చును. చూపని దానిని మన మనస్సే చిత్రించుకొనును. ఈ నేర్పును మెచ్చక తప్పదు. స్త్రీ ముఖమున పండుచెక్క రుద్దిన ఘట్టమునకు నవ్వువారిని మాత్రము మెచ్చజాలము.

మరుసటి యేటి 'స్కార్‌ఫేస్'కు, పరిశీలకుల యొత్తిడిచే, నాయకుని ఉరితీయు వేరొక ముగింపును గూడ తీసిరి. తుద మార్చినంతమాత్రమున అంతదాక కలిగిన వేడుక మాసిపోవునా?

మన భాషలో ఈ మార్గమున మిక్కిలి పేరొందినది రామ్‌గోపాల్ వర్మగారి 'శివ' (1989). నాగార్జునగారు సైకిలు గొలుసును తెంపి చేతబట్టు ఘట్టమును ఎరుగనివారరుదు. టామ్ దోషి యని మనకు తెలియును; ఆనందించుచునే కొంత జంకుదుము. శివ న్యాయపక్షమువాడు గనుక ఆ జంకును లేదు. కొట్టుటలోని యుల్లాసము పుణ్యముగనే చెల్లిపోవును. అన్నగారి కూతురు, పసిబిడ్డ, భవాని కక్షకు బలియైనప్పుడైనను చిత్రము తన గొలుసును తాను శంకింపవలసియుండెను. శంకింపలేదు, ఆ బిడ్డ చావును కడపటి పోరునకు అనుమతిపత్రముగా వాడుకొన్నది. ఇంత నేర్పుగల చిత్రమున ఇది గొప్ప లోపమే.

"అబ్బాయిని వారింపకుడు, ప్రక్కన గూర్చుండి 'శివ'ను గూడ చూపుడు" అని మిత్రునితో నంటిమి. ఆయన కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, కాలేజీలో నున్నప్పుడు దానిని మూడుసారులు చూచితినని కుమారుని యెదుటనే యొప్పుకొనెను.