లారీని నిలబెట్టినవాళ్లు

బ్యాట్‌మన్ కామిక్స్ ఆధారంగా 2008లో వచ్చిన ‘ది డార్క్ నైట్’ చూసినవాళ్లకు ఆ లారీ గుర్తుండే ఉంటుంది. రాత్రివేళ, షికాగో నడిబొడ్డున లాసాల్ వీధిలో 18 చక్రాల ట్రక్కు వెనకభాగం గాల్లోకి లేస్తుంది. నిట్టనిలువుగా నిలబడుతుంది. ఆపైన దబ్బున వెల్లకిలా పడుతుంది. అది కంప్యూటర్ సృష్టి కాదు. నిజమైన బండి, లోపల నిజమైన మనిషి!

క్రిస్ కోర్బౌల్డ్ నడిపిన ఎఫెక్ట్స్ బృందం ట్రెయిలర్ అడుగున భారీ పిస్టన్ బిగించింది. అది ఒక్క ఉదుటున నేలను తన్నగానే బండి లేస్తుంది. ముందు ఖాళీ స్థలంలో లేపి చూసుకున్నారు. కానీ అసలు వీధికి అటూ ఇటూ ఆకాశమంత భవనాలు. బండి కాస్త పక్కకు ఒరిగినా ముప్పే. స్టీరింగ్ పట్టిన స్టంట్ డ్రైవర్ జిమ్ విల్కీ దాన్ని గీత గీసినట్టు తిన్నగా నడిపారు. తలకిందులైన కేబిన్‌లోంచి క్షేమంగా బయటికొచ్చారు. నా దృష్టిలో ఆ సన్నివేశానికి హీరో ఆయనే.

ఇలాంటివాళ్ల పనికి ఆస్కార్‌లో ఇన్నాళ్లూ ప్రత్యేక విభాగమే లేదు. 2027లో విడుదలయ్యే చిత్రాల నుంచి స్టంట్ డిజైన్‌కు అవార్డు ఇస్తామని 2025లో అకాడమీ ప్రకటించింది. ఆ ప్రకటనకు జతచేసిన ఫొటోలో మన ‘ఆర్ఆర్ఆర్’ సినిమా దృశ్యమూ ఉంది. ఆలస్యమే అయినా, ఇది వాళ్లకు న్యాయంగా దక్కాల్సిన గౌరవం.