మగపిల్లలతో మాట్లాడేదెవరు?

నర్సీపట్నం నుంచి మన్యం వైపు వెళ్తే కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది. ఈ చుట్టుపక్కల మగపిల్లలకు వీరుడంటే ఆయనే. విల్లు, అమ్ములపొది, కాషాయం. 1974లో కృష్ణ సినిమా ఆ రూపాన్ని ఇంటింటికీ చేర్చింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద దాడులు. వింటుంటే ఏ కుర్రాడికైనా ఒళ్లు పులకరిస్తుంది.

పెద్దలు చాలామంది కథ అక్కడే ఆపేస్తారు. విల్లు పట్టకముందు ఆ యువకుడు మన్యం పల్లెలు తిరిగి తాగుడు మానమన్నాడు, తగువులు పంచాయతీల్లో తీర్చుకోమన్నాడు. 1922 సెప్టెంబరులో దామనపల్లి కనుమలో ఆయన దళం కాపు కాసినప్పుడు, ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను పోనిచ్చారు. వెనక వచ్చిన తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ అక్కడే చనిపోయారు. సిపాయిలనెందుకు వదిలారు? చంపడం తప్పు కాదా? పద్నాలుగేళ్ల కుర్రాడు ఇలాంటివి అడుగుతాడు, అడగాలి కూడా. బలం ఉన్నవాడు చెయ్యి ఎక్కడ ఆపుకోవాలో ఆలోచించడానికి అంతకన్నా మంచి పాఠం ఈ నేల మీద దొరకదు.

ఇదే అనకాపల్లి జిల్లా ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడ, మగపిల్లలతో పెద్దలు మాట్లాడే సంగతిని మరో వైపు నుంచి పట్టుకున్నారు. 'కన్యాశుల్కం'లో వెంకటేశం చుట్ట కాల్చడం, కోతలు కోయడం గిరీశం దగ్గరే నేర్చాడు. ఇంట్లో తండ్రి అగ్నిహోత్రావధాన్లు నోరు తెరిస్తే కోపం. ఆ పిల్లాణ్ని కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పిన పెద్ద మగవాడు గిరీశమొక్కడే! తనతో ఎవరు మాట్లాడితే పిల్లాడు వాళ్ల వెంట పోతాడు. ఇప్పుడు మాట్లాడుతున్నది చేతిలోని ఫోను.

"ఏటిరా, ఆడపిల్లలాగ ఏడుపేటి?" అనే మాట మాత్రం ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో 1,22,724 మంది మగవాళ్లని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. అప్పులు, జబ్బులు, కుటుంబ గొడవలు, కారణాలు ఎన్నో ఉంటాయి. కష్టం బయటికి చెప్పుకోవడం చిన్నప్పుడే మాన్పించేస్తే ఆ బరువు దించుకునే చోటు ఉండదు.

మాటలతో ఏమవుతుందనేవాళ్లకు హర్యానా జవాబు చెప్పింది. 'బ్రేక్‌త్రూ' సంస్థ అక్కడి ప్రభుత్వ బడుల్లో ఏడు, ఎనిమిది తరగతుల ఆడ, మగ పిల్లలను కూర్చోబెట్టి, మూడు వారాలకోసారి ముప్పావు గంట చొప్పున రెండున్నరేళ్లు చర్చలు నడిపింది. 314 బడుల్లో దాదాపు 14,000 మంది పిల్లలను పరిశోధకులు పరిశీలించారు. చర్చలు జరిగిన బడుల్లో అభిప్రాయాలు మారాయి, ఆ మార్పు రెండేళ్ల తర్వాతా నిలిచింది. ఇంటిపనిలో చెయ్యి వేస్తున్నామని చెప్పిన అబ్బాయిల సంఖ్య అక్కడ పెరిగింది.

ముంబయిలో 'పరివర్తన్' పేరుతో క్రికెట్ కోచ్‌లకే తర్ఫీదు ఇచ్చారు. అమ్మాయిలను ఏడిపించడం, బూతులు, కోపం గురించి వాళ్లు ప్రాక్టీసు మధ్యలోనే కుర్రాళ్లతో మాట్లాడేవారు. నర్సీపట్నానికి ఈ దారి బాగా సరిపోతుంది. క్లాసులో నోరు విప్పని కుర్రాడు కూడా వాలీబాల్ ఆడి వచ్చి కూర్చున్నాక పీఈటీ సారు పక్కన చాలా చెబుతాడు. అలాంటి సార్లను పిలిచి, కుర్రాడు చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా ఎలా వినాలో, ఇల్లు, ప్రేమ, ఓటమి గురించి ఏం అడగాలో నేర్పే శిబిరం ఈ వేసవిలోనే పెట్టవచ్చు.