తద్ధర్మ కాలంలో ఒక జీవితం: హెన్రీ వాట్సన్ ఫాక్స్ బందరు లేఖలు

తెలుగు సాహిత్య పరిశోధనలో క్రైస్తవ మిషనరీల రచనలకు దక్కిన స్థానం చాలావరకు ఆకరాల పట్టికకే పరిమితం. నిఘంటువు, వ్యాకరణం, ముద్రణ, బైబిలు అనువాదం: వీటిలో ఏదో ఒకదానికి సాక్ష్యం చెప్పగలిగిన మిషనరీయే మన వ్యాసాల్లోకి ప్రవేశిస్తాడు. చెప్పలేనివాడు గడప బయటే నిలిచిపోతాడు. హెన్రీ వాట్సన్ ఫాక్స్ (1817-1848) అలా నిలిచిపోయినవాడు. రగ్బీలో థామస్ ఆర్నాల్డ్ శిష్యుడు, ఆక్స్‌ఫర్డ్ పట్టభద్రుడు అయిన ఫాక్స్, చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్‌తో కలిసి 1841లో మచిలీపట్నం చేరాడు. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్లు. బందరులో 1843లో పాఠశాల స్థాపించిన నోబుల్ పేరు నేటికీ నిలిచి ఉంది. పల్లెలు తిరిగి బోధించే పని ఫాక్స్ వంతుకు వచ్చింది. తిరిగినవాడి జాడ తిరిగిన దారిలోనే కలిసిపోయింది. అతని లేఖలు, దినచర్య భాగాలు మాత్రం సోదరుడు జార్జ్ టౌన్‌షెండ్ ఫాక్స్ 1850లో వెలువరించిన స్మృతిగ్రంథంలో మిగిలాయి.

ఈ లేఖలను సమాచారం కోసం గాక రచనలుగా చదివితే ముందుగా కనిపించేది వాటి కాలం. బందరు నుంచి ఇంగ్లండుకు ఉత్తరం చేరడానికి నెలలు పట్టేది. నిన్నటి జ్వరం సంగతి రాస్తే, అది చేరేనాటికి జ్వరం తగ్గి ఉంటుంది, లేదా మనిషే ఉండకపోవచ్చు. అందువల్ల దూరాన ఉన్న ఆత్మీయులకు చెప్పదగింది సంఘటన కాదు, అలవాటు. ఆదివారపు ఆరాధన, మునిషీ వద్ద తెలుగు పాఠం, ఊళ్లోకి నడక, అనువైన ఋతువులో డేరాతో పల్లెల పర్యటన: ఇలా ఒక వారాన్ని వర్ణిస్తే అనేక వారాలను చెప్పినట్లే. చాలాసార్లు జరిగినదాన్ని ఒక్కసారి చెప్పడాన్ని జెరార్ జెనెట్ కథనశాస్త్రంలో ప్రత్యేకంగా గుర్తించాడు. అంత దూరం పోనక్కరలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ఇచ్చిన ‘తద్ధర్మం’ అనే పదం ఇక్కడ మరింత సూటిగా పనికివస్తుంది. సూర్యుడు తూర్పున ఉదయించును అన్నప్పుడు ఆ ఉదయం నిన్నటిదీ కాదు, నేటిదీ కాదు. అది సూర్యుని ధర్మం. యువ మిషనరీ తన వారాన్ని ఇంటికి రాసేటప్పుడు తన సేవను ఆ కోవలోకి చేరుస్తాడు. జరిగినదిగా గాక, జరుగుతూ ఉండవలసినదిగా చెబుతాడు.

ఈ పద్ధతికి చెల్లించే మూల్యం చిన్నది కాదు. తద్ధర్మ వాక్యంలో ఎదుటి వ్యక్తికి చోటుండదు. వినేవారు, ప్రశ్నించేవారు, నవ్వి వెళ్లిపోయేవారు అందరూ ‘వారు’ అనే బహువచనంలో కరిగిపోతారు. పాఠం చెప్పిన మునిషీ సైతం దినక్రమంలో ఒక గంటగా మారే ప్రమాదం ఉంది. బోధకునికి అక్షరమక్షరం మాట నేర్పినవాడు పాత్ర కాలేకపోవడం కేవలం వలసదృష్టి ఫలితమని తీర్పు చెప్పి ఊరుకోవడం సులభం. లేఖారూపమే అందుకు కొంత కారణమన్నది కూడా ఆలోచించాలి.

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రతో పోల్చితే ఈ భేదం తేటపడుతుంది. 1830-31లలో సాగిన ఆ యాత్రలో మజిలీ మారుతుంది, నీరు మారుతుంది, ధర మారుతుంది. రేపు నేటివలె ఉండదు. అందువల్ల అక్కడి వాక్యం భూతకాలంలో నిబ్బరంగా నిలుస్తుంది. ఫాక్స్ యాత్రికుడు కాడు, నివాసీ కాలేకపోయాడు. మధ్యస్థమైన ఆ స్థితికి వారమే ఆసరా. తెలుగునాట ఆదివారం పేరుకు ఉన్నదే, వారానికి సంతా ఉన్నదే. కాని ఏకాదశి, పున్నమి, తిరునాళ్ల లెక్కతో నడిచే ఊరికి ఏడో రోజు విశ్రాంతి అనేది కొత్త. సబ్బాతుకు తెలుగు బైబిలులో ‘విశ్రాంతిదినము’ అనే సమాసం వాడవలసి రావడం దీనికి గుర్తు. బందరులో యువకుడు తన వారాన్ని తానే నిలబెట్టుకోవాలి. నిలబెట్టుకోవడానికే దాన్ని మళ్లీ మళ్లీ రాయాలి.

1845లో ఆ వారం తెగింది. స్వదేశానికి పయనమైన తరుణంలో భార్య మరణించింది. 1846లో పిల్లలను ఇంగ్లండులో వదిలి అతడు మళ్లీ భారతదేశానికి బయలుదేరాడు. ఇక్కడినుంచి దినచర్యను చెప్పే వాక్యాన్ని ముందటిలా చదవలేము. అదే ఉదయం, అదే పాఠం, అదే ఊరు. చెప్పని విషయం ప్రతి మాట వెనుకా ఉంటుంది. సంపాదకుడైన సోదరుడు దీన్ని దైవచిత్తానికి తలవంచిన ఆదర్శజీవితంగా కూర్చాడు. స్మృతిగ్రంథాల సంప్రదాయం అది. ఏ లేఖను వదిలాడో, ఏ వాక్యాన్ని కత్తిరించాడో అచ్చుప్రతి చెప్పదు.

బంగోరె 1973లో వెలువరించిన సంకలనానికి ‘బ్రౌన్ జాబులలో ఆధునికాంధ్ర సాహిత్య శకలాలు’ అని పేరు పెట్టాడు. ఆ కృషి విలువ తిరుగులేనిది. అయితే శకలాలు ఏరే చూపుకు ఫాక్స్ జాబుల్లో దొరికేది స్వల్పం. అతడు తాళపత్రాలు సేకరించలేదు, ప్రబంధాలు పరిష్కరించలేదు. ఆరోగ్యం చెడి 1848లో ఇంగ్లండు చేరి, ఆ అక్టోబరులో ముప్పై ఒకటో ఏట మరణించాడు. జాబును జాబుగా, అంటే ఎవరికి రాశారు, ఎన్నాళ్లకు చేరింది, ఏ కాలంలో చెప్పారు అన్న ప్రశ్నలతో చదివే పద్ధతి తెలుగు విమర్శలో స్థిరపడితే, బ్రౌన్ జాబులను సైతం ఆ వరుసలో తిరిగి చదవవలసి ఉంటుంది.