రెండు తంతువులు, ఒకే స్తంభము

కాంతితంతువుల ద్వారా జరుగు వార్తాప్రసారమును గూర్చి మాటాడునపుడు ఇంజనీర్లు ఒక అంకెను తరచుగా చెప్పుదురు. అది 50 మిల్లీసెకన్లు. పనిచేయుచున్న తంతువు తెగినపుడు యంత్రము తనంతట తానే రెండవ తంతువునకు మారుటకు అనుమతించిన కాలమిది. మనిషి రెప్పపాటు కాలము దీనికంటె ఎక్కువ. టెలిఫోనులో మాటాడుచున్నవారికి 'టిక్కు'మను చిన్న శబ్దము వినబడిన వినబడవచ్చును. మాట మాత్రము ఆగదు. ఈ ఏర్పాటు మెచ్చదగినదే. కాని దీనిని అమర్చినంతమాత్రమున ఒక ఊరి వార్తామార్గమునకు రక్షణ కలిగినదని చెప్పవచ్చునా? మచిలీపట్నము, గుడివాడ, దివిసీమ గల కృష్ణా డెల్టా దిగువ భాగమును ఎదుట నుంచుకొని ఈ ప్రశ్నను విచారింతము.

మొదట యంత్రము చేయు పనిని తెలిసికొనవలెను. రెండు కేంద్రముల నడుమ రెండు మార్గము లుండును. ఒకటి పని మార్గము, రెండవది రక్షణ మార్గము. ఒక్కొక్క మార్గమున పోవుటకొక తంతువు, వచ్చుటకొక తంతువు ఉండును. '1+1' అను పద్ధతిలో పంపువైపు యంత్రము ఒకే సమాచారమును రెండు మార్గములలోను ఎడతెగక పంపుచుండును. అందుకొనువైపు యంత్రము రెంటిలో మంచిదానిని ఎన్నుకొనును. '1:1' పద్ధతిలో రక్షణ మార్గము మామూలుగా ఖాళీగా నుండును, లేదా తక్కువ ముఖ్యమైన సమాచారమును మోయుచుండును. ఆపద వచ్చినపుడే పని మార్గపు బరువును తలకెత్తుకొనును. మొదటిది ఇంటిలో రెండు దీపములు వెలిగించి యుంచుట వంటిది. రెండవది రెండవ దీపమును నూనె పోసి సిద్ధముగా నుంచుట వంటిది.

ఒక కొన మారినదని రెండవ కొనకు తెలియుట ఎట్లు? 1990లలో ప్రపంచమంతట వ్యాపించిన ఎస్.డి.హెచ్. పద్ధతిలో సమాచారము ఫ్రేములుగా, సెకనుకు 8,000 చొప్పున పోవును. ప్రతి ఫ్రేము తలభాగమున కె-1, కె-2 అను రెండు బైట్లు ఈ పనికే కేటాయింపబడినవి. కె-1 'నాకేమి కావలెను' అని చెప్పును. కె-2 'నేనేమి చేసితిని' అని బదులు చెప్పును. ఒకే మాట మూడు ఫ్రేములలో వరుసగా వచ్చిననే యంత్రము దానిని నమ్మును. ఒక్కొక్క ఫ్రేమునకు 125 మైక్రోసెకన్లు గనుక మూడింటికి 375 మైక్రోసెకన్లు మాత్రమే. తొందరపాటు లేకుండ, ఆలస్యమును లేకుండ కుదిర్చిన కట్టుబాటిది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము వారి జి.841 సిఫారసులో మారుటకు 50 మిల్లీసెకన్లు నిర్ణయింపబడినది. చెడుగును కనిపెట్టుటకు పట్టు కాలము దీనికి అదనము. నేడు ఎస్.డి.హెచ్. స్థానమును ఈథర్‌నెట్ పద్ధతులు చాలవరకు ఆక్రమించినను, వాటికై వ్రాసిన జి.8031, జి.8032 సిఫారసులలోను ఈ 50 మిల్లీసెకన్ల లక్ష్యమే నిలిచియున్నది.

ఈ రచనలో మెచ్చదగిన గుణము మరియొకటి కలదు. వచ్చిన కోరికలకు పెద్దచిన్నల వరుస ఏర్పరుపబడినది. కాంతి పూర్తిగా పోవుట, తప్పులు మితిమీరుట, మనిషి ఇచ్చిన ఆజ్ఞ, ఇవన్నియు ఒకేసారి వచ్చినను యంత్రము తికమకపడదు. పని మార్గము బాగుపడిన వెంటనే పరుగున వెనుకకు పోక, ఐదు మొదలు పన్నెండు నిమిషములు వేచియుండి, అది నిజముగా కుదుటపడినదని తేలిన పిమ్మటనే మరలును. గాలికి ఊగుచు ఒకసారి అంటుచు ఒకసారి విడిపోవు తంతువు మీద ఈ నిరీక్షణ లేనిచో యంత్రము నిమిషమునకు పదిమార్లు అటునిటు దూకి, చెడుగును తానే పెంచును.

ఇంతవరకు యంత్రమునకు వంక పెట్టరాదు. వంక దానిని అమర్చు మనిషి దగ్గర మొదలగును. ఒక కొనను ఏకదిశా పద్ధతిలోను, రెండవ కొనను ద్విదిశా పద్ధతిలోను అమర్చిన యెడల రెంటికి పొత్తు కుదరదు. పని తంతువును రక్షణ కొక్కెమునకు, రక్షణ తంతువును పని కొక్కెమునకు తగిలించినను అంతే. ఇట్టి పొరపాట్లను యంత్రము హెచ్చరిక రూపమున చూపును. చూచు కన్ను కావలెను. మరియొక చిక్కు ఇంతకంటె లోతైనది. మరమ్మతు చేయునపుడు రక్షణ మార్గమును ఎవరును వాడకుండ తాళము వేయు ఆజ్ఞ యొకటి కలదు. పెద్దచిన్నల వరుసలో అన్నిటికంటె పైన నున్నది ఇదే. మరమ్మతు ముగిసిన పిమ్మట ఆ తాళమును తీయుట మరచినచో, పని తంతువు తెగినను యంత్రము కదలదు. అది చెడిపోయి కాదు, చెప్పిన మాట వినుచున్నది గనుక.

అయితే అన్నిటికంటె పెద్ద లోపము అమరికలో గాక భూమి మీద నున్నది. యంత్రమునకు రెండు కొక్కెములు మాత్రమే తెలియును. ఆ కొక్కెముల నుండి బయలుదేరిన తంతువులు ఏ దారిన పోవుచున్నవో దానికి తెలియదు. రెండును ఒకే గొట్టములో, ఒకే కాలువగట్టు వెంట, ఒకే స్తంభము మీద పోయినను దాని లెక్కకు అవి రెండే. గొట్టమునకు గునపము తగిలినపుడు, స్తంభము కూలినపుడు, రెండును ఒక్కసారిగా పోవును. 50 మిల్లీసెకన్లలో మారుటకు అప్పుడు రెండవది ఉండదు.

దీనిని అంకెలలో చూతము. ఇవి కొలిచిన అంకెలు కావు, ఊహకు పెట్టుకొన్నవి. ఒక్కొక్క మార్గము ఏడాదిలో నూటికి ఒక వంతు కాలము చెడి యుండునని అనుకొందము. ఏడాదికి 8,760 గంటలు గనుక ఒంటి మార్గమునకు 87 గంటల 36 నిమిషములు నష్టము. రెండు మార్గములు ఒకదానితో ఒకటి సంబంధము లేక చెడునవైనచో రెండును ఒకేసారి చెడియుండు కాలము పదివేలింట ఒక వంతు, అనగా సుమారు 53 నిమిషములు. ఇప్పుడు ఆ చెడు కాలములో పదవ వంతు మాత్రము రెంటికి ఉమ్మడి కారణము వలన కలుగుచున్నదని భావింతము. నష్టము దాదాపు తొమ్మిదిన్నర గంటలకు పెరుగును. పదింట ఒక్క వంతు పొత్తు రక్షణను పదింతలకు పైగా పలుచన చేసినది. ఈ లెక్కను ఉన్నత పాఠశాల విద్యార్థులు సంభావ్యత పాఠములోనే చేసి చూడవచ్చును.

ఇక పటమును తెరువుడు. విజయవాడ నుండి రైలుదారి గుడివాడకు వచ్చి అక్కడ చీలును. ఒక కొమ్మ భీమవరము వైపు, మరియొకటి మచిలీపట్నము వైపు పోవును. గుడివాడ కూడలి, మచిలీపట్నము చివరి స్టేషను. రైలుదారి ప్రక్కనే తంతువు వేసినచో గుడివాడకు మూడు వైపులనుండి దారి దొరకును, బందరుకు ఒకే వైపునుండి దొరకును. రహదారి చూచిన, విజయవాడ నుండి ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరుకు సుమారు 70 కి.మీ. ఈ రోడ్డు రైలుదారికి వేరే యైనను రెంటికిని మొదలు విజయవాడయే. దివిసీమ సంగతి మరింత కష్టము. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయలుగా చీలి ఆ సీమను నడుమ నుంచుకొన్నది. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంకలకు పోవు దేదైనను నీటిని దాటవలసినదే. వంతెన ఒక్కటియైనపుడు దానిపై ఎన్ని తంతువులు వేసినను ప్రమాదము ఒక్కటియే. డెల్టా రైతుకు ఇది క్రొత్త మాట కాదు. ఒకే కాలువ మీద ఆధారపడిన శివారు పొలమునకు రెండు తూములు పెట్టినంతమాత్రమున నీటి భద్రత కలుగదని అతడెరుగును.

ఈ ప్రాంతమున ఇది కేవలము తర్కము కాదు. 1864 నవంబరు 1 నాటి తుపానులో సముద్రము మచిలీపట్నముపై పడి సుమారు 30,000 మందిని బలిగొన్నది. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచివేసినది, వేలమంది మరణించిరి. ఆనాడు తంతి, టెలిఫోను తీగలు తెగిపోయి, జరిగిన ఘోరము వెలుపలివారికి సకాలమున తెలియలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును తాకినపుడు విద్యుత్తుతో పాటు సమాచార సంబంధములును తీవ్రముగా దెబ్బతినెను. 2024 సెప్టెంబరు మొదటివారములో ప్రకాశము బారేజీ నుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద క్రిందికి దిగినది; అదే సమయమున బుడమేరు విజయవాడ పేటలను ముంచినది. అనగా తుపాను కొనను కొట్టగలదు, వరద మొదలును కొట్టగలదు.

మచిలీపట్నములో వాతావరణ శాఖ వారి డాప్లర్ రాడారు 2004 నుండి కలదు. తుపాను కన్ను ఎక్కడ నున్నదో చూచు యంత్రమది. అది చూచినది వెంటనే వెలుపలికి పోవలెను. వెలుపల తీసికొన్న నిర్ణయము నాగాయలంక మండలములోని ఎదురుమొండి దీవుల వరకు చేరవలెను. రక్షణ మార్గము మిక్కిలి అవసరమగు గంటయు, ఉమ్మడి కారణమున రెండు మార్గములు తెగు అవకాశము ఎక్కువగా నుండు గంటయు ఒక్కటే. ఏడాది సగటు లెక్కలు ఈ సంగతిని దాచును.

2015లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ ఇరవైవేల కిలోమీటర్లకు పైగా తంతువులను విద్యుత్ స్తంభముల మీదుగా నడిపినది. దీనిని తేలికగా తప్పుపట్టరాదు. భూమి త్రవ్వు ఖర్చు తగ్గినది, పని వేగముగా సాగినది, తెగినచోటు కంటికి కనబడును. భూమిలో పాతినది మాత్రము నిర్భయమా? రోడ్డు విస్తరణలు, కాలువ మరమ్మతులు, త్రవ్వకపు యంత్రములు దానికి నిత్యశత్రువులు. తప్పు స్తంభములో లేదు, గొట్టములోను లేదు. పని తంతువును రక్షణ తంతువును ఒకే స్తంభముల వరుసకు అప్పగించి, పత్రములో 'రక్షణ కలదు' అని వ్రాసికొనుటలో నున్నది. ఒకటి స్తంభము మీదను, ఒకటి భూమిలోను, వేరు వేరు దారులలో పోయినచో గాలికి ఒకటియు గునపమునకు ఒకటియు లొంగును గాని రెండును ఒకేసారి లొంగుట అరుదు.

చుట్టుదారి వలన ఆలస్యమగునని కొందరందురు. ఈ వాదము నిలువదు. తంతువులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కి.మీ. పోవును, కిలోమీటరునకు 5 మైక్రోసెకన్లు. బందరు నుండి చల్లపల్లి, పులిగడ్డ–పెనుమూడి వంతెన, రేపల్లె, తెనాలి మీదుగా గుంటూరుకు రెండవ దారి వేసి అది 150 కి.మీ. అయినదనుకొన్నను పట్టు కాలము ముప్పాతిక మిల్లీసెకను. 50 మిల్లీసెకన్ల గడువులో అది లెక్కకు రాదు. పైగా ఆ దారి చివర విజయవాడకు బదులు గుంటూరు ఉండుటచే, ఒక పట్టణము మునిగినను రెండవది నిలుచును. ఉత్తరమున పెడన, కృత్తివెన్ను మీదుగా నరసాపురము వైపు తీర రహదారి వెంట మూడవ దారియు సాధ్యమే. ఖర్చు కలదు, దూరము పెరిగిన కొలది నడుమ సంకేతమును బలపరచు యంత్రములు కావలెను. తీర మార్గములు రెండును ఒకే తుపాను వాత పడవచ్చును గనుక లోతట్టు దారిని విడువరాదు. ఇవి నిజమైన చర్చలు. కాలమును సాకుగా చెప్పుట మాత్రము సరి కాదు.

చివరగా ఒక విచిత్రము. ఈ స్వయంచాలక రక్షణ చక్కగా పనిచేయుటయే ఒక అపాయమును తెచ్చును. మొదటి తంతువు తెగినపుడు వాడుకరికి ఏమియు తెలియదు. అందరు సుఖముగా నున్నందున మరమ్మతు వాయిదా పడును. ఆనాటి నుండి ఊరు ఒంటి తంతువు మీద నడుచుచుండును. అట్లే రక్షణ తంతువు ముందుగా తెగి ఎవరును గమనింపని యెడల, అవసరము వచ్చిన నాడే ఆ సంగతి బయటపడును. కె-1 బైటులో పరీక్షార్థము ఒక ప్రత్యేక ఆజ్ఞ కలదు. అది మార్పు చేయకయే రెండు కొనల సంభాషణ సరిగా నున్నదో లేదో చూచును. అంతటితో తృప్తిపడక, తుపాను కాలమునకు ముందు, అనగా అక్టోబరుకు ముందుగా, నిజముగా మార్చి చూచుట మేలు. మొదటి తెగుదలను 'సేవ ఆగలేదు' అను లెక్కలో గాక 'రక్షణ పోయినది' అను లెక్కలో వ్రాయవలెను.

కనుక ఈ ఏర్పాటును గూర్చి మన తీర్పు ఇది. కట్టుబాటు మంచిది, యంత్రము నమ్మదగినది, 50 మిల్లీసెకన్ల అంకె నిజము. కాని ఆ అంకె రెండవ దారి ఉన్నప్పటి వేగమును చెప్పును గాని రెండవ దారి ఉన్నదని చెప్పదు. ఉపాధ్యాయులు తరగతిలో కృష్ణా జిల్లా పటమును పరపి, విజయవాడ, గుంటూరుల నుండి బందరుకు, అవనిగడ్డకు ఒక్క వంతెనయు, ఒక్క ఊరును ఉమ్మడిగా లేని రెండు దారులను గీయుమని విద్యార్థుల నడుగవచ్చును. ఎక్కడ గీత గీయలేకపోవుదురో అక్కడనే రాబోవు తుపానునాడు మాట తెగును. ఆ చోటును ముందుగా గుర్తించుటకు పెన్సిలు చాలును. సరిచేయుటకు మాత్రము ధనము, పట్టుదల కావలెను.