పరుగు అక్కరలేని ఇంజను

రైల్వే చరిత్ర రాసినవారిలో ఎక్కువమంది ఎక్స్‌ప్రెస్ ఇంజన్ల వెంటే పరుగెత్తారు. 1938లో గంటకు 126 మైళ్ల వేగాన్ని అందుకున్న బ్రిటిష్ ఇంజను మాలర్డ్ పేరు రైళ్ల సంగతి పెద్దగా పట్టనివారూ వినే ఉంటారు; ప్రయాణికుల పెట్టెలను వరుసగా కూర్చి ప్లాట్‌ఫారానికి చేర్చే షంటింగ్ ఇంజనుకు మాత్రం గ్రంథం చివర అనుబంధంలో చోటు దొరికితే అదే గొప్ప. షంటింగ్ అంటే వచ్చిన వ్యాగన్లను విడదీసి, ఏ ఊరివాటిని ఆ లైనులోకి నెట్టి, కొత్త బండిగా కూర్చే పని. కొద్ది గజాలు ముందుకు సాగి, ఆగి, మళ్లీ వెనక్కి రావడంతోనే పొద్దు గడిచే ఈ పనికి తగిన యంత్రాన్ని రూపొందించడం వేగపు ఇంజనును రూపొందించడం కన్నా తక్కువ విద్యేమీ కాదనడానికి ఇంగ్లండులోని జె72 తరగతి ఒక్కటే చాలు.

నార్త్ ఈస్టర్న్ రైల్వే కోసం విల్సన్ వర్స్‌డెల్ 1898లో తెచ్చిన ఈ ఇంజనుకు ఆరే చక్రాలు, ఆరూ కడ్డీలతో ఒకదానికొకటి బిగించినవే. బరువును మోయడానికే తప్ప లాగడానికి పనికిరాని చిన్న చక్రాలు ముందూ వెనకా లేనందున, ఇంజను బరువంతా లాగే చక్రాల మీదే పడి పట్టాలను గట్టిగా పట్టుకుంటుంది. నీటి తొట్లు, బొగ్గు గది ఇంజను మీదే ఉండటంతో వాటి బరువు కూడా ఈ పట్టుకే తోడవుతుంది, అయితే నీళ్లు తగ్గేకొద్దీ పట్టూ కొంత సడలుతుంది. చక్రం వ్యాసం 4 అడుగుల 1¼ అంగుళాలు, మాలర్డ్‌లో బండిని లాగే చక్రానిది 6 అడుగుల 8 అంగుళాలు. అంటే చక్రం ఒక్కసారి తిరిగితే జె72 దాదాపు 13 అడుగులు, మాలర్డ్ దాదాపు 21 అడుగులు సాగుతాయి. చిన్న చక్రంతో వేగం తగ్గుతుంది, కానీ ఆవిరి పిస్టన్‌ను తోసే అదే బలానికి పట్టాల మీద లాగుడు పెరుగుతుంది. చదరపు అంగుళానికి 140 పౌండ్లకు మించని బాయిలర్ ఒత్తిడితోనే ఈ ఇంజను సుమారు 16,760 పౌండ్ల బలంతో లాగగలిగేది.

ఆవిరిని మరింత కాచి బొగ్గును ఆదా చేసే సూపర్‌హీటర్ గొట్టాలు ఇలాంటి షంటింగ్ ఇంజన్లలో సాధారణంగా ఉండేవి కావు. ఆవిరిని వదిలే రెగ్యులేటర్ తెరిచిన కొద్ది క్షణాలకే మూసేసే పనిలో ఆ గొట్టాలు సరిగా వేడెక్కే వ్యవధే ఉండదు గనుక, అక్కడ వాటిని అమర్చడం ఖర్చు పెంచడమే అయ్యేది.

ఇంజనుకు తోడుగా కింద నిలబడి పనిచేసే షంటర్ చేతిలో కొసన కొక్కెం ఉన్న పొడవాటి కర్ర ఉండేది. దానితో అతడు మూడు లంకెల గొలుసును ఎత్తి, వ్యాగన్ల మధ్యకు దూరకుండానే తగిలించేవాడు, విప్పేవాడు. వ్యాగన్ల కొసల బఫర్లు నొక్కుకుని గొలుసు వదులైన ఆ ఒక్క క్షణంలోనే కర్ర ఆడాలి. డ్రైవరు అంగుళాల లెక్కన నెట్టి ఆపలేకపోతే షంటర్ నేర్పు అక్కరకు రాదు. చీకట్లో, వానలో కేవలం చేతి లాంతరు ఊపును చూసి సాగిన ఈ జోడు పనిని వేగపు రికార్డు కన్నా చిన్నదని చెప్పడం అన్యాయం.

జె72 నమూనాకు దక్కిన అసలు మెప్పు దాని ఆయుష్షే. మధ్యలో యాజమాన్యం రెండుసార్లు మారినా, ప్రభుత్వ సంస్థ బ్రిటిష్ రైల్వేస్ 1949–51 నడుమ దాదాపు అదే నమూనాలో మరో 28 ఇంజన్లు కట్టించగా, మొత్తం 113 అయ్యాయి. చివరికి వీటిని పక్కకు నెట్టింది నిప్పు పెట్టిన చిక్కే: పని లేని గంటల్లోనూ నిప్పు ఆరకుండా చూడాలి, బూడిద తీయాలి, ఇద్దరు మనుషులుండాలి. 1952 నుంచి వచ్చిన డీజిల్ షంటింగ్ ఇంజన్లకు ఈ బాధ లేదు. అయినా వాటిలో ప్రధానమైన 08 తరగతి ఇంజన్లను గమనిస్తే, లోపల విద్యుత్ మోటార్లు ఉన్నా, బయట అవే ఆరు చిన్న చక్రాలు, వాటిని కలిపే అవే కడ్డీలు కనిపిస్తాయి.