సంకేతపదమునకు గడువు – ఒక విమర్శ

కర్నూలు, కడప జిల్లాల ఉన్నత పాఠశాలలలో నేడు పెక్కు పనులు కంప్యూటరు మీదనే జరుగుచున్నవి. యూడైస్ ప్లస్‌లో పాఠశాల వివరములు నమోదు చేయవలెనన్నను, జీతపు లెక్కలు చూడవలెనన్నను ముందుగా పాస్‌వర్డు, అనగా సంకేతపదము, తెలుపవలెను. దీనిని మూడు నెలలకొకమారు మార్చుచుండవలెనను నియమము చాలకాలముగా అనేక కార్యాలయములలో కలదు. దీనివలన నిజముగా భద్రత పెరుగునా?

నియమమునకు కారణము లేకపోలేదు. దొంగ ఒక్కొక్క పదమునే వరుసగా ప్రయత్నించునపుడు, నడుమ పదమును మార్చినచో అతని శ్రమ వృథా యగునని పెద్దల ఊహ. గణితము ఈ ఊహను కొంతవరకే సమర్థించుచున్నది. పదము మారకున్నచో, సాధ్యమైన పదములన్నిటిని పరీక్షించిన దొంగకు అది తప్పక దొరకును. అదే శ్రమను పది భాగములు చేసి, భాగమునకొకమారు పదము మార్చితిమనుకొందము. ఒక్కొక్కమారు తప్పించుకొను అవకాశము 9/10. దీనిని పదిమార్లు గుణించిన సుమారు 0.35 వచ్చును. అనగా దొంగ గెలుచు అవకాశము ఇంకను నూటికి 65. ఎన్నిమార్లు మార్చినను అది 63కు దిగువకు రాదు. మార్చుటకు బదులు పదమునకు ఒక ఇంగ్లీషు చిన్న అక్షరము చేర్చినచో వెదకవలసినవి 26 రెట్లగును. అంతే శ్రమతో గెలుచు అవకాశము నూటికి 4కు పడిపోవును.

పై లెక్కలో ప్రతి కొత్త పదమును పాతదానితో సంబంధము లేనిదిగా భావించితిమి. మనుష్యులు అట్లు చేయరు. గడువు వచ్చినపుడు “కర్నూలు@1” అనునది “కర్నూలు@2” అగును. “కడప2024” అనునది “కడప2025” అగును. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో 7,700కు పైగా ఖాతాలను పరిశీలించి, పాత పదము తెలిసినచో నూటికి 41 కొత్త పదములను కొద్ది సెకండ్లలోనే కనుగొనవచ్చునని చూపిరి.

అదియు గాక, దొంగిలించిన పదమును దొంగ మూడు నెలలు దాచుకొనడు, వెంటనే వాడును. కొన్ని దాడులకు సంకేతపదముతో పనియే లేదు. 2017 మే నెలలో వనాక్రై అను దుష్ట ప్రోగ్రాము రాయలసీమలోని చిత్తూరుతో సహా ఆంధ్రప్రదేశ్‌లో పలుచోట్ల పోలీసు కంప్యూటర్లను దెబ్బతీసినది. అది విండోస్‌లోని లోపము ద్వారా ప్రవేశించినది. ఆ లోపమునకు సవరణ మార్చి నెలలోనే వెలువడినది. సవరణను సకాలమున చేర్చుకొనుటయే దానికి రక్ష.

ఇట్టి కారణములచేతనే అమెరికా ప్రమాణముల సంస్థ నిస్ట్, గడువు పెట్టి పదము మార్పించుట తగదని 2017లో సూచించి, 2025లో అట్లు మార్పించరాదని శాసించినది. మైక్రోసాఫ్టు సంస్థయు 2019లో తన విండోస్ భద్రతా సిఫారసుల నుండి ఈ గడువును తొలగించినది.

అయితే ఎన్నడును మార్చనక్కరలేదని దీని భావము కాదు. పదము బయటపడినదను అనుమానము కలిగినను, దానిని ఎరిగిన ఉద్యోగి బదిలీయైనను ఆనాడే మార్చవలెను. పదము పొడవైనదిగా ఉండవలెను. ఒక్కొక్క ఖాతాకు వేరుగా ఉండవలెను. వీలున్నచోట ఫోనుకు వచ్చు ఓటీపీ వంటి రెండవ పరీక్షయు ఉండవలెను. ఆ ఓటీపీని ఎవరడిగినను చెప్పరాదు. ఉపాధ్యాయులు విద్యార్థులకు గడువు తేదీని గాక ఈ అలవాట్లను నేర్పుట మేలు.